అల్లవరంలో రేకులు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన తరవాత వచ్చిన చలికాలంలో నన్ను మా రేడియో కేంద్రంలో ప్రసంగాల విభాగానికి మార్చారు. హోదా ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్. మా వాళ్ళు దాన్ని కుదించి ‘పెక్స్’ అంటారు. పదవీ విరమణ దగ్గరపడింది కనుక తేలికైన విభాగం ఇచ్చామని పై అధికారి అన్నారు. నిజానికి ఆ విభాగంలో తేలికైన పని ఏదీ లేదు. ఎవరిని పిలవాలో ప్రతిపాదన రాయాలి. దానికి ఆమోదం వచ్చాక వక్తలకు కాంట్రాక్టు పంపాలి. రికార్డు చేయాలి, ఎడిట్ చేయాలి. ఆ తరవాత మరో అధికారి మొత్తం విని సంతకం పెట్టాలి. దీన్ని ప్రీవ్యూ అంటారు. ఆ సంతకం లేనిదే ఒక్క మాట కూడా గాలిలోకి వెళ్ళదు.

కొత్త పుస్తకాల మీద ఒక కార్యక్రమం రూపొందించమన్నారు. సమీక్షలు చదివించడం నాకు ఇష్టం లేదు. మన సమీక్షల్లో సగం పొగడ్త, మిగతా సగం పుస్తకం అట్ట మీద ఉన్నదే. అందుకని ఇంకో పద్ధతి ప్రతిపాదించాను. ఇద్దరు పండితులు, ఇద్దరివీ కొత్త పుస్తకాలు. ఒకరి పుస్తకం ఒకరు చదివి వచ్చి, జనం ముందు ఒకరినొకరు ప్రశ్నించుకోవాలి. ప్రశ్నలు ముందుగా ఇచ్చిపుచ్చుకోకూడదు. స్టూడియోలో కాకుండా, ఆ పుస్తకాలు ఏ ప్రాంతం గురించి రాశారో ఆ ప్రాంతంలోనే రికార్డు చేయాలి. ఇలాంటి బయటి రికార్డింగును ఓబీ అంటాం. ఇంజనీరు, రికార్డరు, మిక్సరు, మైకులు, ఒక వ్యాను వెంట వెళ్తాయి.

మొదటి ఓబీ అమలాపురంలో, ఒక కాలేజీ సెమినార్ హాల్లో పెట్టాం.

రచయితల్లో ఒకరు ప్రొఫెసర్ రత్నకుమారి గారు. సొంతూరు రాజోలు వైపు. తాతల నాడు కూలికి వెళ్ళిన కుటుంబం, తండ్రి మిషన్ బడిలో మేష్టారు. ఆవిడ సామాజిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్ళి ఇంటిపని చేసిన ఆడవాళ్ళ మీద ఏళ్ళ తరబడి పనిచేసి ఒక పుస్తకం రాశారు. రెండో ఆయన డాక్టర్ సుబ్బారాయుడు గారు. అల్లవరంలో పుట్టారు, అర్థశాస్త్రం చెప్పారు. రొయ్యల చెరువులు వచ్చాక తీరప్రాంతంలో తాగునీరు, కూలిపని ఏమయ్యాయన్నది ఆయన పుస్తకం. రెండు పుస్తకాలూ చదివితే ఒకటి ఎక్కడ ఆగిందో అక్కడ రెండోది మొదలైనట్టు ఉంటుంది. వరి చేలు చెరువులైతే ఊడ్పులు లేవు, కోతలు లేవు. పని పోయిన ఆడవాళ్ళు విమానం ఎక్కారు. ఈ ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి నాకున్న కారణం అదే.

సుబ్బారాయుడు గారి గురించి ఒక మాట ముందే చెప్పాలి. తప్పు వివరాన్ని ఆయన ఊరికే పోనిచ్చేవారు కాదు. ఎవరి వ్యాసంలోనైనా ఒక కాలవ పేరు పొరపాటు పడితే ఫోను చేసి చెప్పేదాకా అన్నం సహించదని ఆయన భార్యే నాతో అన్నారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇది రాయడానికి అదొక కారణం.

రికార్డింగుకి ముందు లెవెల్ చూస్తాం. అంటే వక్త చేత నాలుగు మాటలు మామూలు గొంతుతో మాట్లాడించి, మైకు ఎంత తెరవాలో ఇంజనీరు సరిచూసుకుంటాడు. చాలామంది ఆ నాలుగు మాటల్లో పొద్దున్న ఏం తిన్నారో చెప్తారు. సుబ్బారాయుడు గారు పెసరట్టు గురించి చెప్పారు. రత్నకుమారి గారు లెవెల్ ఇచ్చేసి, మైకు పక్కకి తిప్పి, నన్ను దగ్గరికి రమ్మన్నారు.

“మూడో వరసలో గోడవైపు, ఆకుపచ్చ చీర కట్టుకున్నావిడ ఉన్నారు. అటు చూడకండి. ఆవిడ మీ ఫొటోల్లో ఎక్కడా పడకూడదండీ.”

ఎవరని అడిగాను.

“దుర్గ” అన్నారు.

దుర్గ పుస్తకంలో పేరు. అసలు పేరు నాకు ఆ రోజు తెలియదు. తరవాత తెలిసినా ఇక్కడ రాయను. పుస్తకం చదివినవారికి దుర్గ బాగా గుర్తుంటుంది. కువైట్‌లో ఒక ఇంట్లో జీతం లేకుండా రెండేళ్ళకు పైగా పనిచేసి, ఎలాగో తిరిగి వచ్చిన మనిషి. పంపించిన ఏజెంటు ఏం చెప్పి పంపాడో, అక్కడ ఏం జరిగిందో ఆమె దాచకుండా చెప్పింది. పుస్తకంలో లేని విషయం రత్నకుమారి గారు అప్పుడు చెప్పారు. దుర్గ చెల్లెలు ఇంకా అక్కడే ఉంది. అదే ఏజెంటు పంపాడు. ఒప్పందం ముగిసింది కానీ ఆమె పాస్‌పోర్టు అతని మనుషుల దగ్గర ఉంది. అక్క నోరు మెదపకుండా ఉంటే చెల్లెలికి టికెట్టు వస్తుందని, లేకపోతే ఆ పిల్ల ఏ ఇంట్లో ఉందో కూడా తెలియకుండా చేస్తానని అతను దుర్గతో చెప్పాడు. పుస్తకంలో దుర్గ ఆమేనని అతనికి ఇంకా తెలియదు.

మరి ఆవిడని ఎందుకు తీసుకొచ్చారని అడిగాను.

“నేను వద్దన్నానండీ. ‘నా మాట మైకులో ఎలా ఉంటాదో ఒక్కసారి వినాలని ఉందమ్మగారూ’ అంది. కాదనలేకపోయాను. పేరు మార్చేను, ఊరు మార్చేను. ఆత్రేయపురం పక్కనున్న మనిషిని అల్లవరం తీసుకెళ్ళి సముద్రం ఒడ్డున పెట్టేను. ఎవరికీ తెలీదులెండి.”

ఆవిడ గొంతులో ఆ చివరి మాట నాకు చెప్పినట్టు లేదు, తనకి తను చెప్పుకున్నట్టు ఉంది. సుబ్బారాయుడు గారికి ఈ సంగతి తెలుసా అని అడిగాను. ఎవరికీ చెప్పనని దుర్గకి మాట ఇచ్చారట. ఫొటోల భయం లేకపోతే నాకూ చెప్పేవారు కారు.

హాలు నిండింది. లెక్చరర్లు, విద్యార్థులు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు, చెరువులున్న రైతులు కూడా వచ్చారు. కాలేజీవారు నాకు ఒకాయన్ని పరిచయం చేశారు. తెల్ల చొక్కా, మెత్తని మాట. ఊళ్ళో ట్రావెల్స్ ఆఫీసు ఉంది. సభకి నీళ్ళ సీసాలు, చివర్లో పంచే పూతరేకులు ఆయనే ఇచ్చారట.

“పుస్తకాలు చదివే ఓపిక మాకెక్కడుంటుందండీ. పెద్దోళ్ళు మాట్టాడుకుంటే వింటాం. మా బావగారి కోసం కూడా వినాలి కదండీ, ఆయన రాలేకపోయేరు” అన్నాడు.

బావగారు ఎవరో నేను అడగకుండానే కాలేజీ క్లర్కు చెప్పాడు. ఆ పేరు రత్నకుమారి గారి నోట అంతకు ముందే విని ఉన్నాను. దుర్గని, ఆమె చెల్లెల్ని పంపిన ఏజెంటు అతనే. ఈయనకి దుర్గ మొహం తెలుసో లేదో నాకు తెలియదు.

రికార్డింగు ఆపే అధికారం నాకు ఉంది. కానీ ఏ కారణం చెప్పి ఆపాలి? ఆపితే అందరూ చుట్టూ చూస్తారు. చూడకపోవడమే మాకు కావలసింది. మొదలుపెట్టమని ఇంజనీరుకి సైగ చేశాను.

మొదటి అరగంట నేను ఆ ఉద్యోగంలో విన్న మంచి సంభాషణల్లో ఒకటి. సుబ్బారాయుడు గారి పుస్తకంలో చెరువుల లాభనష్టాలు ఉన్నాయి కానీ ఆ చెరువుల గట్ల మీద కూలి చేసే ఆడవాళ్ళు ఎక్కడున్నారని రత్నకుమారి గారు అడిగారు. ఆయన తల ఊపి, లేరండీ, అది లోపమే అన్నారు. తాగునీటికి ట్యాంకరు కోసం నిలబడే వాళ్ళంతా ఆడవాళ్ళే అయితే నీటి మీద రాసిన పుస్తకంలో వాళ్ళు లేకపోవడం ఎలా కుదిరిందని ఆవిడ వదలకుండా అడిగారు. జనం చప్పట్లు కొట్టారు. తరవాత ఆవిడ పుస్తకం వంతు వచ్చింది. ఆయన ఒక పేజీ తెరిచి పైకి చదివారు. దుర్గ గురించిన పేరా అది. కువైట్ విమానాశ్రయంలో వేలిముద్రలు తీసే యంత్రం ఆమె వేళ్ళను గుర్తించదు. చిన్నప్పటి నుంచి వేడి కుండ మీద పనిచేసిన వేళ్ళు. కొసల మీద గీతలే మిగల్లేదు. యంత్రం ముందు ఆమెను పక్కకి నిలబెడతారు, వెనక వాళ్ళందరూ దాటిపోతారు.

పుస్తకం మొత్తంలో మంచి పేరా అదే. నాకూ అలాగే అనిపించింది.

సుబ్బారాయుడు గారు పుస్తకం మూశారు. “మేడం గారూ, మీ దుర్గని నా చెరువుల అధ్యాయానికి సాక్ష్యంగా తెచ్చుకుందామనుకున్నానండీ. అల్లవరం మనిషన్నారు గదా, చెరువుల వల్లే పని పోయిందని రాసుకుందామని. తీరా చూస్తే కుదరట్లేదు. వేడి కుండ మీద వేళ్ళు కాలే పని ఏంటండీ? రేకులు తీయడం. మా అల్లవరంలో రేకులు తీసేదెవరండీ? ఆత్రేయపురం వైపు అమ్మాయిని తెచ్చి మా సముద్రం ఒడ్డున కూర్చోబెట్టేరు. అవునంటారా, కాదంటారా?”

హాలంతా నవ్వింది. పూతరేకుల కోసం రేకులు ఎలా తీస్తారో ఆ హాల్లో తెలియనివాళ్ళు లేరు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని దాని మీద పరిచి లాగుతారు. క్షణంలో కాగితంలాంటి పొర తేలుతుంది. దాన్ని వేళ్ళతోనే తీయాలి.

నవ్వు తగ్గుతుండగా రెండో వరసలో ఒకావిడ పక్కావిడతో పైకే అంది: “నిజమేనే. మా ఆడపడుచుక్కూడా అంతే. రేషన్ మిషన్లో ముద్ర పడదు. వేలు తడిపి తడిపి పెట్టాలి.”

ఆకుపచ్చ చీర మనిషి రెండు చేతులూ పమిట కింద దాచుకోవడం నేను చూశాను. వెనక ద్వారం దగ్గర తెల్ల చొక్కా ఆయన అప్పటిదాకా ఫోనులో మాట్లాడుతున్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

గొంతు మీద అడ్డంగా చెయ్యి ఆడిస్తే ఆపమని మా సైగ. నేనలా చేయగానే ఇంజనీరు ఆపాడు. మైకులో ఏదో గరగర వస్తోందని, సరిచేసేలోగా టీ తాగుదామని ప్రకటించాను. రత్నకుమారి గారు కుర్చీలోంచి లేవలేదు. సుబ్బారాయుడు గారు మాత్రం ఆవిడ ఏం సమాధానం చెప్తారో వినాలన్న ఉత్సాహంతో ఉన్నారు. ఇద్దర్నీ వేదిక పక్క గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను.

విషయం నేనే చెప్పాను. చెల్లెలి సంగతి, పాస్‌పోర్టు సంగతి, వెనక నిలబడ్డ మనిషి ఎవరన్నదీ చెప్పాను. ఆయన టీ గ్లాసు కిటికీలో పెట్టి, అక్కడే ఉన్న బల్ల మీద కూర్చున్నారు.

“ఆవిడ ఇక్కడే ఉందా?” అన్నారు.

“ఆయ్” అన్నారు రత్నకుమారి గారు. “తప్పు నాదేనండీ. ఆ పేరా తీసేద్దామని మూడుసార్లు కలం పట్టుకున్నాను. అది తీస్తే దుర్గ ఎవరికీ కనబడదనిపించింది. కనబడకూడదనే గదా పేరు మార్చింది. నాకా తెలివి లేకపోయింది.”

ఎడిటింగులో ఆ భాగం తీసేస్తానని నేను ధైర్యం చెప్పబోయాను.

“మీరు మిషన్లో కోస్తారు. హాల్లో విన్న చెవుల్ని ఎలా కోస్తారండీ?” అన్నారు సుబ్బారాయుడు గారు.

గది బయట టీ కప్పుల చప్పుడు, నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ నవ్వుల్లో ఎవరైనా రేకుల మాట ఎత్తుతున్నారేమోనని ముగ్గురం చెవులు రిక్కించి కూర్చున్నాం. పండితులు అలా భయపడి కూర్చోగా నేను అంతకు ముందు చూడలేదు.

దుర్గని వ్యానులో పంపించేద్దామా అన్నాను. రత్నకుమారి గారు వద్దన్నారు. ఇప్పుడు లేచి వెళ్ళిన ఆడమనిషి ఎవరైనా సరే, ఆవిడే దుర్గ అయిపోతుంది అన్నారు.

సుబ్బారాయుడు గారు లేచారు. కండువా సర్దుకున్నారు. “మొదలుపెట్టండి. నేనన్న మాట నేనే వెనక్కి తీసుకుంటాను.”

రికార్డింగు మళ్ళీ మొదలైంది. ఆయన మైకు ముందుకి జరిగి, ఇందాక తాను తొందరపడి ఒక తప్పు మాట అన్నానన్నారు. టీ దగ్గర ఒక పెద్దాయన గుర్తుచేశారట. అల్లవరంలో రేవు వైపు కొన్ని ఇళ్ళలో ఆత్రేయపురం వైపు నుంచి వచ్చిన కోడళ్ళు రేకులు తీసేవారట. చెరువులొచ్చి కట్టెలు, నీళ్ళు కరువయ్యాక మానేశారట. కాబట్టి దుర్గ అల్లవరం మనిషే అయ్యుండాలి, పొరపాటు తనదే, ప్రొఫెసర్ గారు క్షమించాలి అన్నారు. ఒక్క మాటా నిజం కాదు. ఏ మాట దగ్గరా గొంతు తడబడలేదు.

రత్నకుమారి గారు సమాధానం చెప్పాలి. ఆవిడ నోట “ఆయ్” అన్న ఒక్క మాటే వచ్చింది.

అంతలో నాలుగో వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. “ఏ ఇల్లండీ సుబ్బారాయుడు గారూ? నేనక్కడే పుట్టేను. నాకు తెలీకుండా అల్లవరంలో రేకులెవరు తీసేరండీ?”

అందరి తలలూ అటు తిరిగాయి.

“తవరు మస్కట్లో ఉన్నప్పుడండీ” అన్నారు సుబ్బారాయుడు గారు. “తవరొచ్చేలోగా మేం తినేసేం.”

ముసలాయన పక్కవాళ్ళు ఆయన వీపు మీద చరిచారు. ఆయన కూడా నవ్వి, “ఒక్కటైనా ఉంచాల్సిందండీ” అని కూర్చున్నాడు. సంభాషణ నీళ్ళ మీదికి వెళ్ళింది. రత్నకుమారి గారు ఆ తరవాత అడిగిన ప్రశ్నలు బలహీనంగా ఉన్నాయి. అది విన్నవాళ్ళెవరూ తప్పు పట్టలేదు.

అయిపోయిందనుకున్నాను. చివర్లో శాలువాలు కప్పారు. వందన సమర్పణ నడుస్తుండగా తెల్ల చొక్కా ఆయన పూతరేకుల పళ్ళెం తనే పట్టుకుని మొదటి వరస నుంచి పంచడం మొదలుపెట్టాడు. పిల్లలెవరి చేతికీ ఇవ్వలేదు. మగవాళ్ళ దగ్గర పళ్ళెం ముందుకి చాపుతున్నాడు. ఆడవాళ్ళ దగ్గర తనే ఒక్కొక్కటి తీసి ఇస్తున్నాడు. “తీసుకోండమ్మా, చెయ్యి చాపండమ్మా” అంటున్నాడు. అది మర్యాదే కావచ్చు. కాదని నేను ఇవాళ కూడా రుజువు చేయలేను. అతని చూపు మాత్రం ఆడవాళ్ళ మొహాల మీద లేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. రికార్డింగు పూర్తయ్యాక అదే హాల్లో, అదే జనం ఉండగా, కాసేపు నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేస్తాం. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఉంటుంది. ఫ్యాను హోరు, వీధి చప్పుడు, జనం ఊపిరి కలిసిన నిశ్శబ్దం అది. ఎడిటింగులో రెండు ముక్కలు కలిపేచోట దాన్ని అతికించకపోతే కోత తెలిసిపోతుంది. మామూలుగా ఆ పని జనం సర్దుకున్నాక తీరిగ్గా చేస్తాం. నేను వేదిక ఎక్కి, ఇప్పుడే చేయాలన్నాను. ఎక్కడివాళ్ళు అక్కడ ఉండాలని, చేతులు కూడా కదపకూడదని, చిన్న చప్పుడైనా మళ్ళీ మొదటికొస్తామని చెప్పాను.

అతను రెండో వరస చివర పళ్ళెంతో ఆగిపోయాడు.

హాలు నిశ్శబ్దమైంది. అవసరమైనదానికన్నా ఎక్కువసేపు ఇంజనీరుకి సైగ చేయకుండా ఉండిపోయాను. అతను నా వైపు ఆశ్చర్యంగా చూస్తున్నాడు. మూడో వరసలో దుర్గ చేతులు పమిట కిందే ఉన్నాయి. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. అలా కూర్చోవడం ఆమెకి అలవాటై ఉండాలి. నేను సుబ్బారాయుడు గారి వైపు చూశాను. ఆయన పళ్ళెం వైపు చూస్తున్నారు, తరవాత మూడో వరస వైపు చూశారు. ఆమెను ఆయనకి ఎవరూ చూపించలేదు.

సైగ చేశాను. చప్పుడు తిరిగి రాకముందే ఆయన శాలువాతోనే వేదిక దిగి, పళ్ళెం అంచు పట్టుకున్నారు.

“ఇలా ఇవ్వండి బాబూ. రేకుల మీద తప్పు మాట్టాడినోణ్ణి నేను. జరిమానా నేనే కట్టుకోవాలి.”

“అబ్బే, తవరు పెద్దోరు, తవరెందుకండీ” అన్నాడతను, పళ్ళెం వదలకుండా.

“పెద్దోడు తప్పు చేస్తే జరిమానా పెద్దది గదండీ” అని ఆయన నవ్వుతూ లాక్కున్నారు. జనం నవ్వారు. అంతమంది నవ్వుతుంటే అతను వదలక తప్పలేదు. సుబ్బారాయుడు గారు మూడో వరసలో ప్రతి మనిషి ఒళ్ళోనూ ఒక్కో పొట్లం తనే పెట్టుకుంటూ వెళ్ళారు. దుర్గ ఒళ్ళో కూడా పెట్టారు. ఎవరూ చెయ్యి చాపనవసరం లేకపోయింది.

సామాను సర్దుతుండగా తెల్ల చొక్కా ఆయన నా దగ్గరికి వచ్చాడు. “చాలా బాగుందండీ. మాకో కాపీ ఇప్పించండి. మా బావగారు వింటారు. గరగర వచ్చిందన్నారే, ఆ మొదటి ముక్క కూడానండీ.”

ప్రసారం కాని రికార్డింగు బయటివారికి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవని, కావాలంటే కేంద్రానికి రాసుకోవాలని చెప్పాను.

“ఆయ్, రూల్సు రూల్సే లెండి. రేడియోలో వస్తాది గదా, వింటాం. ఎక్కడికెళ్తాదండీ” అన్నాడు. వ్యాను ఎక్కేదాకా మాతోనే ఉండి, డోరు కూడా తనే వేశాడు. జొన్నాడ దగ్గర గోదావరి దాటేవరకూ నేను వ్యాను వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను.

ఎడిటింగుకి కూర్చున్నప్పుడు సుబ్బారాయుడు గారు ఫోను చేశారు. ఏం ఉంచుతున్నారని అడిగారు. రెండు ముక్కలూ తీసేస్తానన్నాను. వద్దన్నారు. హాల్లో విన్నవాళ్ళు రేడియోలో అది లేకపోతే ఎందుకు తీశారని అడుగుతారు, రెండూ వెయ్యండి, నేనన్న తప్పూ వెయ్యండి, దిద్దుకున్నదీ వెయ్యండి అన్నారు. ఆయన దిద్దుకున్నదే తప్పు కదా అన్నాను. “ఆయ్. అది మన ముగ్గురికీ తెలుసు. అది చాలండీ” అన్నారు.

ప్రీవ్యూ చేసిన అధికారి ఆత్రేయపురం దగ్గర చదువుకున్న మనిషి. అల్లవరంలో రేకులేమిటయ్యా, ఇంత తప్పు ఎలా వదిలావు అన్నారు. అది వక్త అభిప్రాయం అన్నాను. ఆయన సంతకం పెట్టారు కానీ నా పనితనం మీద ఆయన అభిప్రాయం ఆ రోజు కొంత తగ్గిందని నాకు తెలుసు.

ప్రసారమయ్యాక శ్రోతల ఫోన్లు వచ్చాయి. చాలావరకు రేకుల గురించే. సుబ్బారాయుడు గారంతటివారు సొంత ఊరి గురించే పొరబడ్డారని కొందరు బాధపడ్డారు, కొందరు సంతోషించారు. ఒక పత్రికలో ఆయన పాత ప్రత్యర్థి ఒకాయన, తీరం గురించి ఇన్నాళ్ళు రాసినాయనకి తీరంలో ఏం వండుతారో తెలియదని ఎకసెక్కంగా రాశాడు. అలాంటివాటికి వెంటనే సమాధానం రాసే మనిషి, ఆయన ఏమీ రాయలేదు.

మా ముగ్గురికీ అవి కాదు ముఖ్యం. రత్నకుమారి గారు ఎప్పుడు ఫోను చేసినా నేను ముందు ఆవిడ ఊపిరి వినేవాణ్ణి. చెల్లెలికి చెప్పిన టికెట్టు ఒకసారి వాయిదా పడింది. ఎందుకో చెప్పలేదట. ఆ చెల్లెలు వారం వారం చేసే ఫోను కొన్నాళ్ళు ఆగిపోయింది. ఆ రోజుల్లో నేను పుస్తకం పట్టుకుంటే ఒకే పేజీ మళ్ళీ మళ్ళీ చదివేవాణ్ణి. సుబ్బారాయుడు గారు నిద్రపోవడం లేదని ఆయన భార్య చెప్పారు. కారణం ఆవిడకి ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

వేసవి మధ్యలో ఒక మధ్యాహ్నం రత్నకుమారి గారు ఫోను చేసి, “దిగిందండీ” అన్నారు. హైదరాబాద్ విమానాశ్రయంలో అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ తన పక్కనే ఉన్నారన్నారు. నేను వెంటనే సుబ్బారాయుడు గారికి చెప్పాను. ఆయన చెరువుల పుస్తకం రెండో ముద్రణకి ప్రూఫులు చూస్తున్నానని, ఆడకూలీల మీద ఒక అధ్యాయం కలిపానని చెప్పారు. రేకుల మాట మేమిద్దరం ఇక ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ అబద్ధమే ఆ పిల్లని రప్పించిందని నేను అనను. ఏజెంటుకి అసలు అనుమానమే రాలేదేమో. వచ్చినా అతనికి వేరే లెక్కలు ఉన్నాయేమో. తెల్ల చొక్కా ఆయన నిజంగా మర్యాదకే రేకులు పంచాడేమో. ఇవేవీ మాకు తెలిసే అవకాశం లేదు.

కిందటేడు సుబ్బారాయుడు గారి సంస్మరణ సభ అదే హాల్లో జరిగింది. నేను, రత్నకుమారి గారు పక్కపక్కన కూర్చున్నాం. మాట్లాడినవాళ్ళలో ఒక యువ లెక్చరరు, ఆయన జీవితమంతా వివరాల కోసం పోరాడారని చెప్పి, “ఒక్కసారే జారేరు. అల్లవరంలో రేకులు తీయించేరు” అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. అందరూ ప్రేమతోనే నవ్వారు. ఆయన భార్య కూడా నవ్వారు. రత్నకుమారి గారు తల వంచుకుని తన చేతులు చూసుకుంటూ కూర్చున్నారు. లేచి నిజం చెప్పడానికి మా ఇద్దరికీ అవకాశం ఇచ్చారు. ఆవిడ ఆయన పుస్తకం గురించి మాట్లాడారు. నేను ఆయన గొంతు గురించి మాట్లాడాను.

ఈ ఉదంతం వల్ల పనికి సంబంధించి నేను నేర్చుకున్నది ఒకటి ఉంది. మనిషిని దాచాలంటే పేరు, ఊరు, వయసు మార్చడం సరిపోదు. ఆ మనిషి రోజూ చేసిన పని ఒంటి మీద ఎక్కడో మిగిలి ఉంటుంది. చదివేవాళ్ళకి ఆ మనిషి కళ్ళకి కట్టేది అక్కడే, పట్టించేదీ అదే. పెన్షను వచ్చాక కూడా యువ రచయితలు ఎవరైనా రాసినది చూపిస్తే నేను ముందు ఆ చోటు కోసం వెతుకుతాను.

ఇది రాసేటప్పుడు కూడా వెతికాను. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఈ జిల్లాలోనే ఉన్నారు, ఆ ట్రావెల్స్ ఆఫీసూ ఉంది. అందువల్ల ఇందులో మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు మార్చాను. పనిని కూడా మార్చాను. ఆమె తీసింది రేకులు కాదు, సుబ్బారాయుడు గారు అబద్ధమాడింది రేకుల గురించి కాదు. అసలు ఏ పని అన్నది చెబితే ఆయన తెలిసే అబద్ధమాడారని తేలి ఆయన మీద పడ్డ మాట పోతుంది, కానీ ఆమె పట్టుబడుతుంది. ఆయన బతికుండగా అది పోగొట్టుకోవాలని అనుకోలేదు కనుక నేనూ చెప్పను.